టర్బో మార్చేముందు అడగాల్సిన ప్రశ్న

కారు కొని ఏడెనిమిదేళ్లయింది. కంపెనీ వారంటీ ఎప్పుడో అయిపోయింది. ఉన్నట్టుండి బండి లాగడం మానేసింది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ఇంజిన్ గోల చేస్తుందే గానీ పికప్ రాదు. ఫ్లైఓవర్ ఎక్కాలంటే గేరు దించాల్సి వస్తోంది. వెనక పొగ. బానెట్ కింద సన్నటి ఈల. షెడ్డుకి తీసుకెళ్తే మెకానిక్ అయిదు నిమిషాలు చూసి, "టర్బో పోయింది సార్, మార్చాలి" అంటాడు. వెంటనే ఒక ధర చెబుతాడు. అది వేలల్లో ఉంటుంది. కొన్ని పెద్ద బళ్లకయితే లక్ష కూడా దాటొచ్చు. అప్పుడు మనం ఏం చేస్తాం? ఇంకో నలుగురికి ఫోన్ చేస్తాం. "మీ దగ్గర ఎంతవుతుంది?" అని అడుగుతాం. తక్కువ చెప్పినవాడి దగ్గరికి బండి తోలుకుపోతాం. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఈ ఫోన్లలో అడగాల్సిన ప్రశ్న గురించే. "ఎంతవుతుంది" అన్నది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న వేరు. "ఇది ఎందుకు పోయింది?" ఈ ప్రశ్నకి మెకానిక్ ఎలా స్పందిస్తాడో చూడండి. ఆయన్ని నమ్మొచ్చో లేదో అక్కడే చాలావరకు తేలిపోతుంది.

ముందు ఈ టర్బో సంగతి కాస్త చెప్పుకుందాం. ఇంజిన్‌లో ఇంధనం మండాక వేడి పొగ సైలెన్సర్ వైపు పోతుంది. ఆ పొగని ఊరికే పోనివ్వకుండా దాంతో ఒక చిన్న చక్రాన్ని తిప్పుతారు. ఆ చక్రం ఒక ఇరుసు మీద ఉంటుంది. అదే ఇరుసు రెండో చివర ఇంకో చక్రం ఉంటుంది. ఇది తిరిగితే అదీ తిరుగుతుంది. అది బయటి గాలిని పీల్చి, నొక్కి, ఇంజిన్‌లోకి తోస్తుంది. గాలి ఎక్కువ అందితే ఇంధనం ఎక్కువ మండుతుంది. చిన్న ఇంజిన్‌కే పెద్ద బలం వస్తుంది. ఇదేమీ కొత్త సంగతి కాదు. స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్‌ఫ్రెడ్ బ్యుషి 1905లోనే దీనికి పేటెంట్ తీసుకున్నాడు. అయితే దీని వేగం మాత్రం మనకి సులువుగా ఊహకందదు. కారు ఇంజిన్ నిమిషానికి నాలుగయిదు వేల సార్లు తిరిగితేనే గట్టిగా అరుస్తుంది. టర్బో ఇరుసు నిమిషానికి లక్ష సార్లకి పైగా తిరుగుతుంది. చిన్న కార్లలో రెండు లక్షలు కూడా దాటుతుంది. ఒక పక్క డీజిల్ బండిలో 700 డిగ్రీలు దాటిన వేడి. పెట్రోలు బండిలో 900 కూడా దాటుతుంది. ఇంత వేగంలో, ఇంత వేడిలో ఆ ఇరుసు ఎలా బతుకుతోంది? ఎక్కువ కార్లలో అది నేరుగా బేరింగ్ లోహాన్ని తాకదు. మధ్యలో పల్చటి ఆయిల్ పొర ఉంటుంది. ఆ పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఆ ఆయిల్ టర్బోకి విడిగా పోసేది కాదు. ఇంజిన్‌లో ఉన్న ఆయిలే సన్నటి పైపులోంచి వచ్చి, టర్బోని తడిపి, మళ్లీ కిందికి జారి ఇంజిన్‌లోకి పోతుంది. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి. టర్బో ప్రాణం ఇంజిన్ ఆయిల్‌లో ఉంది.

అందుకే టర్బోలు తయారుచేసే కంపెనీలు తమ సర్వీసు పుస్తకాల్లో పదే పదే ఒక మాట చెబుతాయి. టర్బో తనంతట తానుగా పోవడం అరుదు. ఆయిల్ సరిగా అందక పోతుంది. మురికి ఆయిల్ వల్ల పోతుంది. గాలి గొట్టంలోంచి మట్టో, మేకో, చిరిగిన ఫిల్టరు ముక్కో లోపలికి వెళ్లి పోతుంది. అంటే దెబ్బ టర్బోలో కనిపిస్తుంది, జబ్బు ఇంకెక్కడో ఉంటుంది. మన రైతులకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. బోరు మోటారు కాలిపోతుంది. పైకి తీసి, వైండింగ్ చేయించి, మళ్లీ దింపుతారు. వారానికి మళ్లీ కాలుతుంది. వైండింగ్ చేసినవాడు మోసం చేశాడని మనకి కోపం. తీరా చూస్తే స్టార్టరు దగ్గర ఒక ఫేజు సరిగా రావట్లేదు. లేదా లో ఓల్టేజీ. వైండింగ్ ఎంత బాగా చేసినా ఆ మోటారు నిలవదు. టర్బో కూడా అంతే. ఆయిల్ పైపు మసి పట్టి సగం పూడుకుపోయి ఉంది. దానికి కొత్త టర్బో బిగించారు. అప్పుడా కొత్త టర్బో పాతదాని దారే పడుతుంది. ఒక్కోసారి ఇంటికి చేరేలోపే. అప్పుడు మెకానిక్ "పార్టు బాలేదు" అంటాడు, పార్టు అమ్మినవాడు "ఫిట్టింగ్ బాలేదు" అంటాడు. డబ్బు మాత్రం మనది. కాబట్టి "ఎందుకు పోయింది" అన్నది కాలక్షేపానికి అడిగే ప్రశ్న కాదు. రెండో టర్బో పోకుండా కాపాడే ప్రశ్న.

అసలు టర్బో పోయిందా అన్నది కూడా ఈ ప్రశ్నలోనే ఉంది. పికప్ లేకపోవడానికి కారణాలు బోలెడు. టర్బో నుంచి ఇంజిన్‌కి గాలి మోసే రబ్బరు గొట్టం చిట్లి ఉండొచ్చు. దాని ఖర్చు టర్బో ఖర్చు ముందు ఏపాటి? క్లిప్పు వదులై ఉండొచ్చు. వేలెడంత వాక్యూమ్ పైపు పగిలి ఉండొచ్చు. డీజిల్ ఫిల్టరు మూసుకుపోయి ఉండొచ్చు. పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు మసి పట్టి బిగుసుకుపోయి ఉండొచ్చు. నీలిపొగ వస్తే ఇంజిన్‌లో ఆయిల్ కాలుతోందన్నది నిజమే. కానీ తప్పు టర్బోదేనని ఏమిటి గ్యారంటీ? ఇంజిన్ ఆవిరి బయటికి పోయే బ్రీదర్ గొట్టం మూసుకుపోయినా టర్బోలోంచి ఆయిల్ కిందికి దిగక చక్రాల వైపు చిమ్ముతుంది. అప్పుడు టర్బో మార్చినా పొగ పోదు. ఇక్కడ ఒక చిన్న తమాషా కూడా చెప్పాలి. కొందరు గాలి గొట్టం విప్పి, లోపలి ఇరుసుని వేలితో పట్టుకుని పక్కలకి కదిపి చూపిస్తారు. "చూశారా, ఎలా ఊగుతోందో" అంటారు. మనం బెదిరిపోతాం. కానీ ఇందాక చెప్పుకున్నాం కదా, ఆ ఇరుసు ఆయిల్ పొర మీద తేలేది అని. బండి ఆపినప్పుడు ఆ పొర ఉండదు. కాబట్టి పక్కలకి కాస్త ఊగడం చాలా టర్బోల్లో సహజం. చక్రం గోడకి రాసుకుంటోందా, రెక్కల అంచులు అరిగాయా, ఇరుసు ముందుకీ వెనక్కీ జరుగుతోందా అన్నవి చూడాలి. ముందుకీ వెనక్కీ కదలిక చేతికి తెలిసిందంటే అది పోయినట్టే. పక్కలకి ఊపి చూపించి ఊరుకున్నవాడు పరీక్ష చేయలేదు. సరుకు అమ్మాడు.

ఇక్కడ మీరు ఒక మాట అనొచ్చు. "నాకు ఇంజిన్ గురించి ఓనమాలు తెలీవు. ఆయన ఏదో ఒక కారణం చెబుతాడు. అది నిజమో అబద్ధమో నాకేం తెలుసు?" సరైన అభ్యంతరమే. కానీ టర్బో విషయంలో మన అదృష్టం ఏమిటంటే, కారణం తన గుర్తులు వదిలి వెళ్తుంది. ఆయిల్ అందక పోయిన టర్బో ఇరుసు వేడికి నీలంగానో నల్లగానో మాడి ఉంటుంది. మురికి ఆయిల్‌తో పోయినదానికి ఇరుసు చుట్టూ గోటికి తగిలే గీతలుంటాయి. ఏదైనా వస్తువు తగిలితే రెక్కల అంచులు విరిగో, వంగో ఉంటాయి. ఫిల్టరు లేకుండా దుమ్ములో తిరిగితే రెక్కలు ఇసకతో తోమినట్టు పల్చబడతాయి. ఇవి చూడ్డానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు, కళ్లుంటే చాలు. కాబట్టి కారణం చెప్పమని అడగడంతో ఆగొద్దు. చూపించమనండి. పాత టర్బో విప్పాక చూస్తాను, అప్పటిదాకా పంపేయొద్దు అని ముందే చెప్పండి. రీకండిషన్ చేసే షాపులు పాతది తీసుకుని ధర తగ్గిస్తాయి. ఫర్వాలేదు, ఇచ్చేయండి. కానీ చూశాక ఇవ్వండి, ఫోన్‌లో రెండు ఫొటోలు తీసుకుని ఇవ్వండి. రెండో పరీక్ష ఇంకా తేలిక. ఆయన చెప్పిన కారణానికీ, ఎస్టిమేట్‌లో రాసిన పనికీ పొంతన ఉందా చూడండి. "ఆయిల్ అందలేదు సార్" అన్నాడు. కానీ ఎస్టిమేట్‌లో ఆయిల్ పైపు లేదు, ఆయిల్ ఫిల్టరు లేదు, ఆయిల్ చాంబరు దించి జల్లెడ చూడటం లేదు. అంటే ఆ కారణాన్ని ఆయనే నమ్మట్లేదన్నమాట.

నమ్మదగిన మెకానిక్ దగ్గర ఇంకో లక్షణం ఉంటుంది. ఇది చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. ఫోన్‌లోనే కచ్చితమైన ధర చెప్పి, "సాయంత్రానికి బండి ఇచ్చేస్తా" అనేవాడు మనకి సమర్థుడిలా కనిపిస్తాడు. "విప్పి చూస్తేగానీ చెప్పలేనండీ" అనేవాడు పని రానివాడిలా కనిపిస్తాడు. నా ఉద్దేశంలో రెండోవాడే మేలు. చూడకుండా చెప్పలేననడం నిజాయితీ. ఇంకా మేలైనవాడు మనకి నచ్చని మాట కూడా అంటాడు. "ఆయిల్ చాలా లేటుగా మార్చారు సార్, అందుకే పోయింది" అంటాడు. కస్టమర్ మొహం మీద తప్పు కస్టమర్‌దే అనడం వల్ల ఏ మెకానిక్‌కీ లాభం లేదు. లాభం లేని మాట చెప్పాడంటే అది నిజమయ్యే అవకాశమే ఎక్కువ. కోపం తెచ్చుకోకండి.

ఇప్పుడు డబ్బు సంగతి. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ఇందులో మన వాటా కూడా తక్కువేం కాదు. కారణం వెతకాలంటే టైం పడుతుంది. గొట్టాలు విప్పాలి, పొగబెట్టో గాలి కొట్టో లీకులు చూడాలి, స్కానర్ పెట్టి రోడ్డు మీద బండి నడిపి గాలి ప్రెషరు ఎంతొస్తుందో చూడాలి. ఆయిల్ ప్రెషరు గేజి పెట్టి కొలవాలి. ఒక పూట పోతుంది. ఆ పూటకి మనం ఏం ఇస్తున్నాం? "ఏం మార్చావని డబ్బులు?" అంటాం. పార్టు మారిస్తేనే డబ్బు ఇవ్వడం మనకి అలవాటు. అలాంటప్పుడు మెకానిక్ బతకడానికి పార్టులే మారుస్తాడు. పార్టు మీద వచ్చే కమిషనే ఆయన కూలి అవుతుంది. అంటే వెతికినందుకు డబ్బు ఇవ్వనని మొండికేస్తే, అనవసరంగా పార్టు మార్చమని మనమే ఆయన్ని నెట్టినట్టు. అందుకే ముందే చెప్పండి. "చూసినందుకు మజూరీ ఎంతో చెప్పండి, టర్బో మార్చినా మార్చకపోయినా అది ఇస్తాను" అనండి. ఖర్చు పెరుగుతుంది కదా అంటారా? పెరుగుతుంది. కానీ ఒక పూట మజూరీని రెండోసారి కొనే టర్బో ధర పక్కన పెట్టి చూడండి. చిట్లిన గొట్టమే కారణమని తేలితే ఆ మజూరీ అక్కడికక్కడే కొన్ని రెట్లు తిరిగొచ్చినట్టే.

మరో అభ్యంతరం. "ఇంత గొడవెందుకు, షోరూము సర్వీసుకే ఇచ్చేస్తే పోదా?" ఇవ్వొచ్చు. అక్కడ కంపెనీ పార్టు దొరుకుతుంది, పక్కా బిల్లు వస్తుంది, వేసిన పార్టుకి వారంటీ ఉంటుంది. ఈ మూడూ చిన్న విషయాలు కావు. బండి మరీ పాతది కాకపోతే, కొత్త రకం ఇంజిన్ అయితే అదే మంచిదారి కావొచ్చు. కానీ అక్కడా ఆ ప్రశ్న అడగాల్సిందే. అక్కడా టర్బో మొత్తం మార్చేస్తారు, కారణం చెప్పకుండానే బండి చేతికివ్వొచ్చు. బయటి షెడ్లకి సామర్థ్యం లేదనడం కూడా సరికాదు. చాలాకాలం వాళ్లకి అందాల్సినవి అందలేదు. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకి 2,500 కోట్ల రూపాయలకి పైగా జరిమానా వేసింది. విడిభాగాలూ, రిపేరు సమాచారం, పరీక్ష చేసే సాధనాలూ బయటి మెకానిక్‌లకి దొరక్కుండా చేస్తున్నారని తప్పుపట్టింది. ఆ కేసు తర్వాత అప్పీళ్లకి వెళ్లింది, అది వేరే కథ. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల శాఖ రిపేరు హక్కు కోసం ఒక పోర్టల్ కూడా పెట్టింది. కాబట్టి షోరూమా, షెడ్డా అన్న దగ్గర మన నిర్ణయం ఆగిపోకూడదు. కారణం వెతికే మనిషి ఎక్కడున్నాడో అక్కడికి వెళ్లాలి.

మన దగ్గర ఆటోనగర్‌లకి వెళ్తే ఇంకో చిక్కు ఉంటుంది. విజయవాడ ఆటోనగర్‌నే తీసుకోండి. అక్కడ పనులు చీలి ఉంటాయి. ఒకరు పంపు, నాజిల్ చూస్తారు. ఒకరు లేతు పని. ఒకరు ఎలక్ట్రికల్. టర్బోలు విప్పి, లోపలి కోరు మార్చి, బ్యాలెన్సింగ్ చేసే షాపులు వేరే. ఈ చీలిక మంచిదే, చేతికి పనితనం వస్తుంది. కానీ మీ మెకానిక్ టర్బో ఊడదీసి ఆ షాపులో ఇస్తాడు, వాళ్లు బాగుచేసి ఇస్తారు, ఈయన బిగిస్తాడు. మళ్లీ పోతే ఎవరిది పూచీ? అందుకే పని మొదలుకాకముందే ఒక్క పేరు తేల్చుకోండి. పార్టూ, ఫిట్టింగూ రెండూ తన బాధ్యతేనని ఎవరు బిల్లు మీద రాసిస్తారు? రీకండిషన్ టర్బో అంటే చులకన చూడక్కర్లేదు. మంచి కోరు వేసి, హైస్పీడ్ మెషీన్ మీద బ్యాలెన్సు చేస్తే బాగానే పనిచేస్తుంది. బ్యాలెన్సు చేసిన రిపోర్టు ఉందా అని అడగండి. లక్ష చుట్లు తిరిగేదాన్ని కళ్లతో చూసి బ్యాలెన్సు చేయడం కుదరదు. టర్బో మీద ఉండే చిన్న రేకు మీది నంబరు కూడా సరిపోల్చండి. మారుతి బళ్లలో వచ్చిన 1,248 సీసీ డీజిల్ ఇంజిన్ అందరికీ తెలిసిందే. అదే ఇంజిన్ స్విఫ్ట్‌లో 75 హార్స్‌పవర్‌తో వచ్చినప్పుడు మామూలు టర్బో. సియాజ్, ఎర్టిగాల్లో 90 హార్స్‌పవర్‌తో వచ్చినప్పుడు రెక్కలు కదిలే వేరే టర్బో. "అదే ఇంజిన్ సార్, సరిపోతుంది" అన్న మాట చాలదు.

బిగించేటప్పుడు ఏం చేస్తాడన్నది మన కళ్ల ముందు జరగకపోవచ్చు. కానీ అడగొచ్చు. కొత్త ఆయిల్, కొత్త ఆయిల్ ఫిల్టరు, కొత్త ఎయిర్ ఫిల్టరు వేస్తున్నారా? టర్బోకి వెళ్లే ఆయిల్ పైపు కొత్తది వేస్తున్నారా, పాతదే కడిగి పెడుతున్నారా? ఆ పైపు బయటికి శుభ్రంగా కనిపిస్తుంది. లోపల మాత్రం గట్టిపడ్డ మసి ఉంటుంది, కడిగితే పోదు. ఆయిల్ వెళ్లే దారిలో గ్యాస్కెట్‌కి బదులు సిలికాన్ పేస్టు పూస్తే, దాని ముక్క ఊడి ఆ సన్నటి దారిని మూసేస్తుంది. గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ విప్పి, అందులో చేరిన ఆయిల్, విరిగిన లోహపు ముక్కలు తీసేయాలి. ఇది మరీ ముఖ్యం. ఎందుకంటే డీజిల్ ఇంజిన్ ఆ మిగిలిన ఆయిల్‌ని పీల్చి దాంతోనే నడవగలదు. తాళం తీసినా ఆగదు. ఇంజిన్ పగిలిపోయేదాకా అరుస్తూనే ఉంటుంది. చివరగా, స్టార్ట్ చేసేముందు కొత్త టర్బోలో చేత్తో కాస్త ఆయిల్ పోయాలి. పొడిగా తిరిగిన ఆ కొద్ది సెకన్లే దాన్ని పాడుచేస్తాయి. ఇవన్నీ మీరు అడుగుతుంటే విసుక్కునే మెకానిక్‌లూ ఉంటారు. వాళ్ల విసుగు కూడా ఒక జవాబే. పని చేసేవాడికి ఈ ప్రశ్నలు రోజూ తనకి తాను వేసుకునేవే. ఇంకొకరు అడిగితే ముచ్చటపడతాడు కూడా.

బిల్లు దగ్గర మాత్రం మొహమాటం వద్దు. "బిల్లు లేకుండా అయితే 18 శాతం జీఎస్టీ మిగులుతుంది సార్" అన్న మాట వినడానికి బాగుంటుంది. కానీ ఆ కాగితం లేకపోతే రేపు ఆ టర్బో ఎక్కడ కొన్నారో, ఎవరు బిగించారో చెప్పడానికి ఆధారమే ఉండదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లులో టర్బో నంబరు, కొత్తదా రీకండిషనా అన్నది, వారంటీ ఎన్ని నెలలో, ఎన్ని కిలోమీటర్లో, ఏ షరతులకో రాయించుకోండి. పని సరిగా చేయక నష్టపోతే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షలు మించకపోతే ఫిర్యాదుకి ఫీజు లేదు. ముందుగా సలహా కావాలంటే 1915 నంబరుకి ఫోన్ చేయొచ్చు.

ఈ ప్రసంగం వింటున్న మెకానిక్‌లకి కూడా ఒక మనవి. మీలో ఎంతోమంది పాత టర్బో విప్పగానే కారణం ఇట్టే పట్టేస్తారు. ఆ సంగతి మీలోనే ఉంచుకోకండి. కస్టమర్‌ని పిలిచి, ఆ మాడిన ఇరుసునీ, విరిగిన రెక్కనీ చూపించండి. చూసినందుకు మజూరీ కూడా నోరు తెరిచి అడగండి. అది మీ కష్టం. కారు ఉన్న శ్రోతలు ఆ మజూరీ దగ్గర బేరం ఆడకండి.